పంటి ముచ్చట: పెళ్లికి ముందు ఎనిమిది క్యాపులు కావాలా?

ముహూర్తాలు దగ్గర పడ్డాయంటే హనుమకొండలో బట్టల దుకాణాల తర్వాత రద్దీ మా పంటి డాక్టర్ల దగ్గరే. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. ఈ నెల ఉత్తరాల్లో కూడా సగం పెళ్లి గురించే ఉన్నాయి. వాటిలో ఒకటి తీసుకుని కొంచెం వివరంగా రాస్తున్నాను, మిగతావాళ్లు కూడా అందులోనే జవాబు వెతుక్కోండి. రాసినవాళ్ల పేర్లు తీసేసి ఊరు మాత్రం ఉంచాను.

డాక్టరమ్మా, నాకు 24 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ముందు పండ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలున్నాయి. ఫోటోల్లో నోరు మూసుకునే నవ్వుతాను. నలభై రోజుల్లో పెళ్లి. ఒక క్లినిక్‌లో పైన ఎనిమిది పండ్లకు క్యాపులు వేస్తే వారంలో తెల్లగా అయితాయన్నారు. అమ్మ సరే అంటున్నది. వేయించుకోవాలా?
*– ఒక పెళ్లికూతురు, పరకాల దగ్గరి పల్లె*

వద్దమ్మా. కనీసం ఇప్పుడే వద్దు.

మీరు రాసిన దాన్నిబట్టి అవి ఫ్లోరైడ్ చారలు అయ్యుంటాయి. మీ అన్నదమ్ములకు, మీతో బడికి వచ్చిన పిల్లలకు కూడా అలాగే ఉన్నాయా? చిన్నప్పుడు బోరు నీళ్లే తాగారా? అవునంటే దాదాపు అదే. ఫ్లోరైడ్ అనగానే అందరూ నల్లగొండ వైపు చూస్తారు గానీ, మన దిక్కు బోరు నీళ్ల మీద పెరిగినవాళ్ల పండ్లలోనూ ఈ చారలు నాకు కనిపిస్తూనే ఉంటాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీళ్లు చిన్నపిల్లలు ఏళ్ల తరబడి తాగితే, చిగురు లోపల తయారవుతున్న పన్ను పైపొర సరిగా గట్టిపడదు. ఈ పైపొరనే ఎనామిల్ అంటాం. పన్ను బయటికి వచ్చాక ఆ మెత్తటి చోట్ల రంగు పట్టుకుంటుంది. ఇదంతా ఎనిమిదేళ్ల లోపు వయసులో జరిగిపోయేదే. ఇప్పుడు మీరు ఏ నీళ్లు తాగినా కొత్త చారలు రావు. ఎంత రుద్దినా పాతవి పోవు, ఎందుకంటే అది మురికి కాదు. 'పండ్లు తోముకోదు' అని మిమ్మల్ని ఎవరైనా అని ఉంటే, ఈ పేజీ చూపించండి.

ఇక క్యాపుల సంగతి. క్యాపు అంటే పన్ను మీద తొడిగే టోపీ. టోపీ పట్టాలంటే తల సన్నబడాలి కదా! పన్నును చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మేర అరగదీస్తారు. ముందు పన్ను ఎంత చిన్నదో అద్దంలో చూసుకోండి. అన్ని వైపులా అంత తీసేస్తే, నోట్లో కనిపించే పన్నులో సగానికి పైగా పోతుంది. చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుకుతుంది. ఎనామిల్ మాత్రం పోతే పోయినట్టే. పైగా క్యాపు జీవితకాలం కాదు, పదీ పదిహేనేళ్లు నడిస్తే బాగా నడిచినట్టు. 24లో వేయించుకుంటే 38లో ఒకసారి, 52లో ఇంకొకసారి మార్పించుకునే లెక్క. మార్చిన ప్రతిసారీ లోపల మిగిలే పన్ను తగ్గుతుంది.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు, అచ్చం మీలాంటి పెళ్లికూతురికి ఆరు క్యాపులు నేనే వేశాను. వాళ్లకు తొందర, నాకు కొత్త. పెళ్లి ఫోటోలు అద్భుతంగా వచ్చాయి, ఆల్బమ్ తెచ్చి చూపించారు కూడా. మూడేళ్లు తిరక్కుండానే వాటిలో రెండింటికి నరం దెబ్బతిని రూట్ కెనాల్, అంటే ఆ నరం తీసి లోపల పూడ్చే చికిత్స, చేయాల్సి వచ్చింది. ఇంకొన్నాళ్లకు చిగురు కొంచెం జారి, క్యాపు లోపలి లోహం అంచు నల్ల గీతలా బయటపడింది. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు, ఇప్పటికీ పిల్లల్ని నా దగ్గరికే తెస్తుంది. ఆ ఆరు పండ్లకూ రంగు తప్ప ఏ రోగమూ లేదని నాకు తెలుసు.

మీకు నలభై రోజులున్నాయి. సరిపోతాయి. మొదటి వారంలో స్కేలింగ్ చేయించుకోండి, అంటే గార తీసి శుభ్రం చేయడం. కొన్ని మరకలు దాంతోనే పోతాయి. అదే రోజు మీ పండ్ల అచ్చు తీసుకుని మెత్తటి ట్రే తయారు చేయమనండి. అందులో తెల్లబరిచే జెల్ చుక్క చుక్క వేసుకుని రాత్రిళ్లు పెట్టుకుని పడుకోవాలి. పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ అని ఉంటుంది దాని మీద. రెండు వారాలు. మొదటి నాలుగైదు రోజులు తెల్ల మచ్చలు ఇంకా తెల్లగా కనిపించి టెన్షన్ పెడతాయి, ఆగండి, చుట్టుపక్కల రంగు కలిసేకొద్దీ సర్దుకుంటాయి. చల్లటి నీళ్లు జివ్వుమంటే ఒక రాత్రి విడిచి ఒక రాత్రి పెట్టుకోండి. ఆ రోజుల్లో చాయ, పసుపు ఎక్కువ వేసిన కూర తగ్గించండి. (పెళ్లి పసుపు ఒంటికే కాబట్టి ఫర్వాలేదు.)

గోధుమ చారలు మొండికేస్తే, ఆమ్లం కలిపిన సన్నటి పొడితో పైపైన రుద్ది తీసే పద్ధతి ఉంది, మైక్రో అబ్రేషన్ అంటారు. మిల్లీమీటరులో పదో వంతో అటూ ఇటో పోతుంది, అంతే. అప్పటికీ బాగా కనిపించే రెండు మూడు పండ్లు మిగిలితే వాటికి మాత్రం పంటి రంగు కాంపోజిట్‌తో పూత వేయించుకోండి. తెల్లబరిచాక రెండు వారాలు ఆగి వేస్తేనే అది గట్టిగా అతుకుతుంది, రంగు కూడా కుదురుతుంది. కాబట్టి పెళ్లికి వారం ముందు ఆ పని పెట్టుకోండి. కొన్నేళ్లకు పూత పెచ్చు ఊడినా, రంగు మారినా మళ్లీ వేసుకోవచ్చు, కింద మీ పన్ను మీకు ఉంటుంది. పింగాణీ వెనీర్లు, అంటే పన్ను ముందు వైపు అతికించే పలచటి రేకులు, దీని తర్వాతి మెట్టు. వాటికి అర మిల్లీమీటరు దాకా తీస్తారు. అందంగా ఉంటాయి, తొందరలో నిర్ణయించుకునేవి మాత్రం కావు. పెళ్లయ్యాక ఆలోచించుకోండి.

అంతా అయ్యాక పండ్లు సినిమావాళ్లలా తెల్ల సున్నం రంగులోకి వస్తాయని మాత్రం మాట ఇవ్వలేను. నోరు తెరిచి నవ్వేంతగా అయితే మారుతాయి.

నాకు 46 ఏళ్లు. చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నది. స్కేలింగ్ చేయిస్తే పండ్లు వదులైతాయని మా కులపోళ్లంతా అంటున్నారు. మా బావ చేయించుకున్నాక సందులు పడ్డాయి. నిజమేనా?
*– ఒక మిర్చి రైతు, నర్సంపేట*

అన్నా, పొలం గట్టున పశువును కట్టే గుంజ ఉంటుంది కదా. దాని మొదట్లో మట్టి కొట్టుకుపోయి, ఆ చోట చెత్తా చెదారం పేరుకుని గట్టిపడిందనుకోండి. చెత్త తీసేసరికి గుంజ ఊగుతుంది. ఊపింది చెత్త తీసినాయనా, మట్టిని తీసుకుపోయిన వానా?

మీ బావకు జరిగింది అదే. గార అంటే ఏళ్ల తరబడి పేరుకుని రాయిలా మారిన పాచి. అందులో ఉండే సూక్ష్మజీవుల వల్ల చిగురు వాచి, రక్తం కారి, చివరికి కింద ఎముక కరుగుతుంది. గార తీసేదాకా ఆ సందులు గారతోనే నిండి ఉంటాయి. తీశాక ఖాళీ కనపడుతుంది, వాపు తగ్గి చిగురు లోపలికి పోతుంది, 'డాక్టరు సందులు చేసింది' అంటారు. స్కేలింగ్ మిషను కొన పన్నును కోయదు. సన్నగా అదురుతూ, నీళ్లు చిమ్ముతూ రాయిని మాత్రం రాలుస్తుంది. నాలుగు రోజులు చల్లగాలికి జివ్వుమంటుంది, తర్వాత పోతుంది.

మీకు రక్తం వస్తున్నది కనుక ఆలస్యం చేయకండి. షుగర్ పరీక్ష కూడా చేయించండి. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ల రోగం ముదురుతుంది, చిగుళ్ల రోగం ఉంటే షుగర్ లొంగదు. బొగ్గు, ఉప్పు, ఇటుక పొడితో పండ్లు తోముతుంటే మానేయండి. వేప పుల్లతో నాకు తగాదా లేదు, మెత్తగా నమిలి కుంచె చేసుకుని తోమితే మంచిదే. కానీ రాత్రి పడుకునే ముందు పేస్టు పెట్టిన మెత్తటి బ్రష్‌తో ఒకసారి తోమండి.

మా బాబుకు ఏడేళ్లు. లోపలి దవడ పన్ను పుచ్చింది. రాత్రిళ్లు ఏడుస్తున్నాడు. పాల పన్నే కదా, ఊడిపోయేదానికి డబ్బులెందుకు అని మా అత్తమ్మ అంటున్నారు. పీకించేస్తే పోతుందా?
*– ఒక తల్లి, జమ్మికుంట*

ముందు బాబు నోరు తెరిపించి లెక్క పెట్టండి. ముందు పండ్ల మధ్య నుంచి ఒక పక్కకు పోతూ ఒకటి, రెండు, మూడు… ఊడిన పన్ను ఖాళీనీ లెక్కలోకి తీసుకోండి. ఐదు దాకా పాల పండ్ల చోట్లు. ఆరోది పుచ్చిందా? అయితే అది పాల పన్ను కాదు తల్లీ! ఆరేళ్లకు ఏ పన్నూ ఊడకుండా, వెనకాల చడీచప్పుడు లేకుండా వచ్చే అసలు పన్ను అది. డెబ్బై ఏళ్లు నమలాల్సిన పన్ను. ఏదీ ఊడలేదు కదా అని దాన్ని పాల పన్ను కింద జమకట్టి పీకించేసిన ఇళ్లు నాకు ఎన్నో తెలుసు. అత్తమ్మ తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు ఆమెకు.

నాలుగోదో ఐదోదో అయితే పాల పన్నే. అది కూడా పది, పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండాలి. కింద వచ్చే పన్నుకు అది చోటు ఆపి పెడుతుంది, బస్సులో దస్తీ వేసి సీటు ఆపినట్టు. ముందే పీకేస్తే పక్కవి ఒరిగి చోటు మూసుకుపోతుంది, పన్నెండేళ్లకు వంకర పండ్లని క్లిప్పులకు పరుగెత్తాల్సి వస్తుంది. రాత్రి నొప్పి అంటే పుచ్చు నరం దాకా పోయినట్టే. పిల్లలకు చేసే చిన్న రూట్ కెనాల్ లాంటి చికిత్స చేసి, పైన వెండి రంగు స్టీలు క్యాపు వేస్తారు. మా దగ్గర పిల్లలు దాన్ని రోబో పన్ను అంటారు, బడిలో చూపించుకుంటారు. పీకక తప్పని స్థితి ఉంటే, ఖాళీ పూడకుండా కమ్మీ లాంటి చిన్న అమరిక పెట్టించండి.

చెంప వాచి జ్వరం వస్తే ఇవేవీ ఆలోచించకండి, అదే రోజు దవాఖానకు తీసుకుపోండి. నొప్పి పన్ను మీద గోలీ నలిపి పెట్టకండి, చిగురు కాలుతుంది.

పరకాల అమ్మాయికి ఫ్లోరైడ్ పండ్లను పాడు చేసిందన్నాను, ఇప్పుడు బాబుకు ఫ్లోరైడ్ పేస్టు వాడమంటాను. తికమక పడకండి. మింగిన ఫ్లోరైడ్ వేరు, పన్నుకు పూసి ఉమ్మేసేది వేరు. బాబు బ్రష్ మీద బఠాణీ గింజంత పేస్టు చాలు, ప్రకటనల్లో చూపించినట్టు బారుగా వద్దు. ఎనిమిదేళ్ల దాకా రాత్రి పూట మీరే తోమండి.

రూట్ కెనాల్ అయింది, నొప్పి పోయింది. క్యాపు మళ్లీ ఖర్చు. వేయించకపోతే ఏమైతది?
*– ఒక ప్రైవేటు లెక్చరర్, మహబూబాబాద్*

దవడ పన్ను అయితే వేయించుకోండి. లోపల పుచ్చు తీసి, దారి చేసి, నరం తీసి, సిమెంటు నింపిన పన్ను పైకి బాగానే ఉంటుంది గానీ గోడలు సన్నబడి ఉంటాయి. ఒకరోజు మక్కప్యాలాల్లో పేలని గింజ ఒకటి తగులుతుంది, పన్ను నిలువునా రెండు ముక్కలవుతుంది. అప్పుడు పీకడమే, మొదటి ఖర్చు కూడా పోయినట్టే. పరకాల అమ్మాయికి వద్దన్న క్యాపునే మీకు కావాలంటున్నాను. పైన చారలున్నా ఆమె పండ్లు లోపల గట్టివి, మీది డొల్ల. ముందు పన్ను అయితే ఒక్కోసారి క్యాపు లేకుండా సిమెంటుతోనే నడుస్తుంది, మీ డాక్టరును అడగండి. లోపలి దవడకు పంటి రంగులో ఉండే జిర్కోనియా క్యాపే ఉండాలని లేదు, లోహపు క్యాపు కూడా బాగా మన్నుతుంది. నవ్వితే కనపడని చోట రంగుకు డబ్బులెందుకు?

28 ఏళ్లకు క్లిప్పులు వేయించుకుంటే నవ్వుతారా? ముందు పండ్ల మధ్య సందు ఉంది. వీడియోలో రబ్బరు బ్యాండు పెట్టుకుంటే దగ్గరికి వస్తాయని చూశాను.
*– ఒక బ్యాంకు ఉద్యోగిని, కరీంనగర్*

రబ్బరు బ్యాండు ముట్టుకోకండి. పెట్టుకుని ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే తీసేయండి. పన్ను మొదలు వైపు సన్నగా ఉంటుంది కనుక ఆ బ్యాండు మెల్లగా జారి చిగురు లోపలికి పోతుంది, అక్కడ ఎముకను తింటూ పైకి ఎక్కుతుంది. కనపడదు కూడా. చివరికి ఏ రోగమూ లేని రెండు ముందు పండ్లు ఊగి ఊడిపోతాయి.

క్లిప్పులకు 28 పెద్ద వయసేం కాదు. చిగుళ్లు గట్టిగా ఉంటే నలభైల్లోనూ వేస్తాం. మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది, ఒక్క సందు మాత్రమే అయితే ఇంకా ముందే అయిపోవచ్చు. కనపడకూడదనుకుంటే అలైనర్లు, అంటే తీసి పెట్టుకునే పారదర్శక ట్రేలు ఉన్నాయి, రోజుకు 22 గంటలు పెట్టుకునే ఓపిక ఉంటేనే. తీసి పర్సులో పెట్టుకు తిరిగేవాళ్లకు అవి దండగ. క్లిప్పులు తీశాక, పండ్లను కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోవడం మానేస్తే సందు మళ్లీ వచ్చేస్తుంది, ఈ ఒక్క మాట సంతకం చేయించుకుని మరీ చెప్తాను నేను. ఇంతకీ ఆ సందు మీకే నచ్చలేదా, పక్కవాళ్లకు నచ్చలేదా? మీకు బాగానే ఉంటే దాన్ని అలా ఉంచుకున్నా ఏ నష్టమూ లేదు.

పై పన్ను పీకిస్తే కంటి చూపు పోతుందా?
*– ములుగు*

పోదు. పై పండ్లకు వచ్చే నరం వేరు, చూపును మోసే నరం వేరు. ఈ నమ్మకం ఎక్కడిదో నాకు తోచింది చెప్తాను. పండ్లు ఊడే వయసు, చత్వారం వచ్చే వయసు మన దగ్గర ఇంచుమించు ఒకటే, రెంటికీ ముడిపెట్టారు. ఇంకొకటి, పై కోర పన్ను చీము పడితే వాపు కంటి కింద దాకా ఎక్కి కన్ను మూసుకుపోతుంది. అంటే కంటికి ప్రమాదం పీకిస్తే కాదు, పీకించకుండా చీముతో ఉంచుకుంటే. గుండెకు రక్తం పలచబడే గోలీలు వాడుతున్నవాళ్లు మాత్రం పీకించే ముందు ఆ సంగతి చెప్పండి. మీ అంతట మీరు గోలీలు ఆపకండి.

డ్రైవింగ్‌లో నిద్ర రాకుండా గుట్కా వేస్తా. ఆరు నెలల సంది కారం తగిలితే నోరంతా మంట. నోరు పూర్తిగా తెరుచుకుంటలేదు. పండ్లు తెల్లగా చేయించుకుందామని ఉన్నది.
*– ఒక ఆటో డ్రైవర్, కాజీపేట*

తమ్ముడూ, తెలుపు సంగతి పక్కన పెట్టు. నీ మూడు వేళ్లు నిలువుగా కలిపి నోట్లో పెట్టి చూడు. పట్టడం లేదంటే, గుట్కాలోని వక్క నీ చెంపల లోపలి పొరను తాడులా బిగిస్తున్నదన్నమాట. ఇది కేన్సర్‌కు ముందు మెట్టు కావచ్చు. బిగిసింది పూర్తిగా వెనక్కి రాదు, మానేస్తే ముందుకు పోకుండా ఆపవచ్చు. ఈ వారంలోనే వరంగల్ ఎంజీఎం దవాఖానలోనో, దగ్గరున్న పంటి డాక్టరు దగ్గరో నోరు చూపించుకో. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉన్నాయేమో వాళ్లు చూస్తారు. గుట్కా మానడానికి సాయం కావాలంటే 1800-112-356కు ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. వక్క పొడి ఒక్కటే తింటే ఏం కాదనుకోకు, అసలు దొంగ వక్కే.

సింగరేణిలో చేసి రిటైరైన. 68 ఏళ్లు, షుగర్ ఉంది. రెండేళ్ల కింద పండ్ల సెట్టు పెట్టించుకున్న. పైది బాగానే ఉంది, కిందిది తేలుతుంది. సంక్రాంతికి సకినాలు కొరకలేకపోయిన. మా ఇంటామె నవ్వుతుంది. ఇంప్లాంట్లు పెట్టించుకోవచ్చునా?
*– ఒక పెద్దాయన, గోదావరిఖని*

పెద్దయ్యా, కింది సెట్టు తేలడం మీ ఒక్కరి గోస కాదు. పై సెట్టు అంగిలికి గాలి పట్టుతో అతుక్కుంటుంది. కింద నాలుక ఉంటుంది, అది ఊరుకోదు. పైగా పండ్లు లేని దవడ ఎముక ఏటేటా కొంచెం అరుగుతుంది, సెట్టు మాత్రం పాత కొలతలోనే ఉంటుంది. ముందు లోపలి వైపు కొత్తగా నింపి సరిచేయించండి, చాలామందికి దాంతోనే కుదురుతుంది.

అప్పటికీ నిలవకపోతే ఇంప్లాంట్లు. పండ్లన్నింటికీ వద్దు. కింద దవడ ముందు భాగంలో రెండు చాలు. టైటానియం మరలను ఎముకలో దించి, మూడు నెలలు ఆగితే ఎముక వాటిని పట్టేసుకుంటుంది. స్వీడన్ డాక్టరు బ్రోన్‌మార్క్ 1965లో మొదటి మనిషికి పెట్టింది ఇలాంటివే. తర్వాత మీ సెట్టు కింద గుండీ అమర్చి, జాకెట్టు టిచ్చు బటన్ నొక్కినట్టు టక్కున బిగిస్తారు. షుగర్ ఉందని వద్దనం. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ పరీక్ష) ఏడు, ఎనిమిది శాతం లోపు ఉంటే చేయవచ్చు, ఎక్కువుంటే గాయం మానదు, ముందు తగ్గించుకుని రండి. బీడీ తాగుతుంటే అది కూడా చెప్పండి.

రాత్రి సెట్టు తీసి నీళ్ల గిన్నెలో వేసి పడుకోండి. వేడి నీళ్లలో వేస్తే వంకర పోతుంది. పేస్టుతో రుద్దితే గీతలు పడతాయి, మామూలు సబ్బు, మెత్తటి బ్రష్ చాలు.

సకినాల విషయానికొస్తే, సెట్టుతో కొరికే బలం సొంత పండ్లతో పోలిస్తే నాలుగో వంతు దాకానే ఉంటుంది. సంక్రాంతి అయిపోయిన వారం సకినం కొరికి పన్ను విరగ్గొట్టుకుని వచ్చేవాళ్లలో ముప్పై ఏళ్ల కుర్రాళ్లు కూడా ఉంటారు, ఈ మాట మీ ఇంటామెకు చెప్పండి. మా నాన్నకు కూడా సెట్టే. ఆయన సకినాన్ని నాలుగు ముక్కలు చేసి వేడి చాయలో వేస్తాడు, నువ్వులు పైకి తేలేదాకా ఆగుతాడు, తర్వాత చెంచాతో తింటాడు. ముందు పండ్లతో కొరకడు, రెండు పక్కలా సమంగా వేసుకుని దవడలతో నములుతాడు. సెట్టు కదలదు. చాయలో చక్కెర మాత్రం మీరు వేసుకోకండి.